జీతం పెరిగింది, ఊరు తరిగింది



జీతాల సంగతి ఆడవాళ్ళకేం తెలుసు అనే మాట మన ఇళ్ళల్లో ఇప్పటికీ వినపడుతూనే వుంటుంది. నిజానికి ఆ సంగతి ఆడవాళ్ళకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఒకటో తారీఖున వచ్చిన డబ్బును పాలవాడికింత, ఇంటద్దెకింత, పిల్లల ఫీజులకింత అని పంచి, ఇరవయ్యో తారీఖు దాటాక మిగతా పది రోజులు ఎలా నెట్టుకు రావాలో లెక్క వేసేది మనమే కదా! అయితే ఇంటి జీతం మటుకే మనం చూస్తాం. ఒక ఊరి జీతాలు, ఒక జిల్లా జీతాలు కలిపి చూడడం మనకు అలవాటు లేదు. పత్రికలో "సగటు వేతనం పెరిగింది" అని ఓ చిన్న వార్త వస్తుంది. మంచిదే అనుకుని పేజీ తిప్పేస్తాం. ఆ ఒక్క మాట వెనక ఎన్ని కాపురాల కథ దాగి వుంటుందో ఇవాళ ఒక జిల్లా చరిత్ర పట్టుకుని చెప్పుకుందాం.

ఆ జిల్లా మన దేశంలోది కాదు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రానికి దక్షిణపు కొసన వున్న మెక్‌డోవెల్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కాకపోతే చాలా చిన్నది. అమెరికా అనగానే మనకు ఎత్తయిన మేడలు, మన పిల్లలు పనిచేసే కంప్యూటరు కంపెనీలు గుర్తొస్తాయి. ఇది ఆ అమెరికా కాదు. ఎటు చూసినా కొండలు, కొండల మధ్య ఇరుకు లోయలు, లోయల్లో ఏళ్ళు, ఆ ఏటి గట్ల వెంబడే ఇళ్ళు. కొండల కడుపులో బొగ్గు. కొత్తగూడెం, ఇల్లందు, బెల్లంపల్లి చూసిన వాళ్ళకు ఈ కథ పరాయిదిగా తోచదు.

రైలు తెచ్చిన సంపద

1880లో ఆ కౌంటీ జనాభా 3,074. మన పెద్ద గ్రామం ఒకదానిలో వుండేంత మంది. అందరూ సేద్యగాళ్ళే. కొండవాలున మొక్కజొన్న, నాలుగు పందులు, ఒక ఆవు, అడవిలో వేట. డబ్బు చేతులు మారడం తక్కువ, జీతం అనేది దాదాపు లేదు. ఇంటిల్లిపాదీ పనిచేసేవారు, ఇంటిల్లిపాదీ తినేవారు. వడికినా, నేసినా, ఉప్పులో మాంసం ఊరేసినా ఆడవాళ్ళ పని కళ్ళ ఎదుట కనిపించేది.

1880ల చివర నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైలుమార్గం ఆ కొండల్లోకి వచ్చింది. అక్కడి పోకహాంటస్ బొగ్గుకు పొగ తక్కువ, వేడి ఎక్కువ. ఉక్కు కొలుములకు, ఆవిరి ఓడలకు అది శ్రేష్ఠమైనదని పేరు వచ్చింది. అమెరికా నౌకాదళం వారు దాన్ని కోరి కొనేవారు. ఇంకేం! 1900 నాటికి జనాభా 18,747 అయింది. 1910కి 47,856. 1920కి 68,571. నలభై ఏళ్ళలో ఇరవై రెట్లు! దక్షిణ రాష్ట్రాల పత్తి చేలను వదిలి నల్లవారు వచ్చారు. హంగరీ నుంచి, ఇటలీ నుంచి, పోలండు నుంచి వలస జనం వచ్చారు. 1910 ప్రాంతంలో కౌంటీ జనంలో దాదాపు మూడోవంతు నల్లవారే. దక్షిణాదిన వారికి లేని రెండు సౌకర్యాలు ఇక్కడ దొరికాయి. ఒకటి ఓటు. రెండోది, టన్నుకింత అనే కూలి రేటు తెల్లవాడికీ నల్లవాడికీ ఒకటే కావడం. బడులు మాత్రం వేరువేరుగానే వుండేవి. 1928లో మిన్నీ బకింగ్‌హామ్ హార్పర్ అనే గృహిణి, శాసనసభ్యుడైన భర్త పోతే ఆయన స్థానంలో రాష్ట్ర శాసనసభకు నియమితురాలయింది ఈ కౌంటీ నుంచే. అమెరికాలో ఏ శాసనసభలోనైనా కూర్చున్న మొదటి నల్లజాతి స్త్రీ ఆమె.

సరే, జీతం ఎలా వుండేదో చూద్దాం. గనిలో రోజుకూలి కాదు, టన్ను లెక్క. గునపంతో కోసి, మందు పెట్టి పేల్చి, పారతో తోపుడుబండికి ఎత్తాలి. బండికి తన నంబరు వున్న ఇత్తడి బిళ్ళ తగిలించాలి. పైన తూకం వేసి ఆ నంబరుకు జమ కడతారు. బండిలో రాయి కలిసిందంటే కోత. పైకప్పు పడకుండా కర్రలు నిలపడానికి, పట్టాలు వేసుకోవడానికి, అడ్డం వచ్చిన రాయి తీయడానికి పట్టిన కాలానికి మాత్రం పైసా లేదు. ఆ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరే "చచ్చిన పని". ఫలం లేని పని అన్నమాట.

ఇల్లు కంపెనీది. బడి కంపెనీది. డాక్టరు కంపెనీ మనిషి. కొట్టూ కంపెనీదే. జీతాల రోజు దాకా ఆగలేని వాళ్ళకు కంపెనీ ముందుగా ఇత్తడి నాణాలిచ్చేది. వాటి మీద కంపెనీ పేరే వుంటుంది. అవి కంపెనీ కొట్లో చెల్లుతాయి గాని బయట కొట్టుకు వెళితే ముఖవిలువ రాదు, తగ్గించి తీసుకుంటారు. జీతాల నాడు అద్దె, డాక్టరు రుసుం, పేలుడు మందు, పనిముట్లకు సాన పట్టిన ఖర్చు, ముందు వాడుకున్న నాణాలు అన్నీ పట్టుకోగా చేతికి వచ్చేది చాలామందికి కాగితం ముక్కే. మన పల్లెల్లో పాలేరు లెక్క, షావుకారు పద్దు ఎరిగిన వారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆ కాలపు జీతాల పట్టికల్లో ఆడవాళ్ళు దాదాపు కనిపించరు. పంతులమ్మలు, కొట్లో లెక్కలు రాసేవాళ్ళు, ఇతరుల ఇళ్ళల్లో పనిచేసే నల్లజాతి స్త్రీలు కొందరుంటారు, అంతే. మరి మిగతా వాళ్ళు ఏం చేస్తున్నారు? గని నుంచి వచ్చిన మగవాడికి స్నానానికి నీళ్ళు కాచేది వాళ్ళు. కొండ మీది బొగ్గు ధూళి బట్టల మీద, గిన్నెల మీద, తొట్టెలో పిల్లవాడి మొహం మీద పడుతుంటే రోజంతా తుడిచేది వాళ్ళు. పెళ్ళికాని కార్మికులను ఇంట్లో పెట్టుకుని అన్నం వండి పెట్టి నాలుగు డాలర్లు సంపాదించేది వాళ్ళు. పెరట్లో బీన్సు, బంగాళాదుంప పండించి చలికాలానికి సీసాల్లో నిలవ పెట్టేది వాళ్ళు. టన్ను రేటు తగ్గినప్పుడల్లా ఆ తగ్గిన డబ్బును వంటింట్లో పూడ్చింది ఈ చేతులే. గనిలో భర్త చనిపోతే ఆ దుఃఖం తీరకముందే ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చేది. ఎందుకంటే ఇల్లు ఉద్యోగానికి ఇచ్చినది, కుటుంబానికి కాదు.

సంఘం వచ్చింది, యంత్రమూ వచ్చింది

ఇలాంటి చోట కార్మిక సంఘం పెట్టడం మాటలు కాదు. కంపెనీలు సొంత కాపలాదార్లను తుపాకులతో నిలబెట్టాయి. కార్మికుల పక్షాన నిలిచిన పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్‌ను 1921 ఆగస్టు 1న, ఈ కౌంటీ ముఖ్యపట్టణమైన వెల్చ్‌లో, కోర్టు మెట్ల మీదే కాల్చి చంపారు. పక్కన భార్య వుంది. ఆ నెలాఖరున వేలాది కార్మికులు ఆయుధాలు పట్టి బ్లెయిర్ కొండ వైపు కదిలారు. ప్రభుత్వం సైన్యాన్ని పంపి అణచివేసింది. ఆ తర్వాత పన్నెండేళ్ళకు, 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం సంఘం పెట్టుకునే హక్కును చట్టంలో రాసిన తర్వాతే ఈ కొండల్లో సంఘం నిలదొక్కుకుంది. 1946లో మరో పెద్ద గెలుపు. తీసిన ప్రతి టన్ను బొగ్గు మీద 5 సెంట్లు కార్మికుల వైద్యానికి, వృద్ధాప్యపు భృతికి వేరే నిధిలో వేయాలని ఒప్పందం జరిగింది.

ఇక్కడి నుంచి కథ మలుపు తిరుగుతుంది. జాగ్రత్తగా వినండి.

1950లో గని కార్మిక సంఘం నాయకుడు జాన్ లూయీస్ యజమానులతో పెద్ద ఒప్పందం కుదుర్చుకున్నాడు. రోజుకూలి 14 డాలర్ల 75 సెంట్లు. నిధికి టన్నుకు 30 సెంట్లు. బదులుగా, యజమానులు గనుల్లోకి ఎన్ని యంత్రాలు దించుకున్నా సంఘం అడ్డుపడదు. లూయీస్ ఆలోచన ఇది: తక్కువ కూలికి ఎక్కువమంది చచ్చే కంటే, మంచి కూలికి కొద్దిమంది పనిచేయడం మేలు. అప్పటికే కొండను కొరుక్కుంటూ, బొగ్గు తనంతట తానే ఎత్తి వెనక్కు పోసే యంత్రం తయారయి వుంది. గునపంతో పదిమంది చేసే పని ఒక యంత్రం దగ్గర ఇద్దరు ముగ్గురు చేసేస్తారు.

కూలి నిజంగానే పెరిగింది. 1950ల చివరకు రోజుకు 24 డాలర్లు దాటింది. అప్పటి అమెరికా కార్మికుల్లో అది ఎంతో మంచి జీతం. జీతాల పట్టిక ఒక్కటే చూస్తే ఆ పదేళ్ళు గని కార్మికులకు స్వర్ణయుగం అనిపిస్తుంది.

ఇప్పుడు పక్క గడి చూడండి. వెస్ట్ వర్జీనియా రాష్ట్రం మొత్తం మీద 1950లో గనుల్లో పనిచేసిన వారు సుమారు 1,20,000. 1960 నాటికి 50,000 లోపు. సగానికి సగం కూడా మిగలలేదు. మెక్‌డోవెల్ కౌంటీ జనాభా 1950లో 98,887. ఆ కౌంటీ చరిత్రలో అదే అత్యధికం. 1960లో 71,359. 1970లో 50,666. ఇరవై ఏళ్ళలో ఊళ్ళో సగం మంది మాయం! కార్లలో సామాను కట్టుకుని డెట్రాయిట్‌కు, క్లీవ్‌లండ్‌కు, ఉత్తరాది కార్ఖానాలకు వెళ్ళిపోయారు. యంత్రాలు వచ్చినప్పుడు ముందుగా పని పోయింది చేత్తో బొగ్గు ఎత్తే వారికి. వాళ్ళలో నల్లవారు ఎక్కువ. టన్ను రేటులో లేని వివక్ష, పని తీసేయడంలో వచ్చింది.

సగటు జీతం పెరిగిందంటే ఏమిటో ఇప్పుడు బోధపడుతుంది. మన వీధిలో పదిమంది మగవాళ్ళు పనిచేస్తున్నారనుకోండి. ఇద్దరికి నెలకు వెయ్యి, ఎనిమిది మందికి మూడేసి వందలు. సగటు 440 రూపాయలు. ఒక రోజు ఆ ఎనిమిది మందిలో ఆరుగురికి పని పోయింది. మిగిలింది నలుగురు. ఎవరి జీతం ఒక్క పైసా పెరగలేదు. అయినా సగటు 650కి ఎగబాకింది! పత్రికవాడు "ఈ వీధిలో వేతనాలు పెరిగాయి" అని రాస్తాడు. అది అబద్ధం కాదు. కాని ఆరిళ్ళల్లో పొయ్యి వెలగడం లేదన్న సంగతి ఆ వాక్యంలో లేదు. లెక్కల్లో వుండే చిక్కు ఇదే. పనిలో వున్న వాళ్ళనే అది లెక్కపెడుతుంది. ఇంటికి పంపబడ్డ వాళ్ళు లెక్కలోంచి కూడా వెళ్ళిపోతారు.

బజారు బీన్సు డబ్బా

1960 మే నెలలో అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న కెనెడీ వెల్చ్ పట్టణానికి వచ్చాడు. దేశంలోకెల్లా ఎక్కువ బొగ్గు తీస్తుందని పేరున్న ఆ కౌంటీలో పనిలేని మగవాళ్ళు, ప్రభుత్వం పంచే పిండి, పప్పుగింజల కోసం నిలబడ్డ కుటుంబాలు కనిపించాయి. ఆయన గెలిచాక ఆహార కూపన్ల పథకాన్ని ప్రయోగాత్మకంగా కొన్ని చోట్ల మొదలుపెట్టారు. 1961 మే 29న దేశం మొత్తం మీద మొదటి కూపన్లు అందుకున్నది ఈ కౌంటీ వాళ్ళే. పని పోయిన ఒక గని కార్మికుడు, ఆయన భార్య. ఇంట్లో మొత్తం పదిహేను మంది. 95 డాలర్ల విలువైన కూపన్లు. వెల్చ్‌లోని ఒక సూపర్ మార్కెట్‌కు వెళ్ళి వాళ్ళు కొన్న మొదటి వస్తువు మాంసం కలిపి వండిన బీన్సు డబ్బా.

కూపన్లతో ఒక మేలు జరిగింది. అంతకు ముందు ప్రభుత్వం దగ్గర మిగిలిపోయిన సరుకు ఏదుంటే అది పంచేవారు. కూపన్ వచ్చాక ఇల్లాలు కొట్టుకు వెళ్ళి తన పిల్లలకు ఏం కావాలో తానే ఏరుకోగలిగింది. రేషన్ షాపు ముందు నిలబడి, ఈ నెల ఏం ఇస్తాడో అని ఎదురు చూసిన అనుభవం వున్న మనకు ఆ తేడా తెలుసు.

ఇక ఆ గనుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన వారికి బొగ్గు నుసి ఊపిరితిత్తుల్లో పేరుకుని, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. యంత్రాలు వచ్చాక నుసి మరీ పెరిగింది. 1968 నవంబరులో అదే రాష్ట్రంలోని ఫార్మింగ్‌టన్ గనిలో పేలుడు జరిగి 78 మంది పోయారు. దేశం నివ్వెరపోయింది. మరుసటి ఏడు వేలాది గని కార్మికులు ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారం కోరుతూ పని ఆపారు. 1969 చివర గనుల భద్రతా చట్టం వచ్చింది. జబ్బుపడ్డ వారికి, చనిపోయిన వారి భార్యలకు నెలనెలా భృతి ఏర్పడింది. ఆ తర్వాత ఎన్నో ఇళ్ళకు నికరంగా వచ్చే డబ్బు అదే అయింది. అది కూడా జీతాల పట్టికలో కనపడదు, ఎందుకంటే అది జీతం కాదు. ఊపిరి ధర.

గనిలోకి ఆడవాళ్ళు

1973లో చమురు ధర మండిపోయింది. మళ్ళీ బొగ్గుకు గిరాకీ వచ్చింది. గనులు మనుషుల కోసం వెతకసాగాయి. అప్పటిదాకా ఆడది గనిలో అడుగు పెడితే కీడు అని ఆ కొండ ప్రాంతమంతా నమ్మేది. ఆడమనిషి దిగిందని తెలిస్తే పని మానేసి పైకి వచ్చేసిన మగవాళ్ళున్నారు. కాని దుకాణంలో, హోటల్లో దొరికే జీతానికి గని జీతం ఎన్నో రెట్లు ఎక్కువ. భర్త లేక పిల్లలను పెంచుకునే స్త్రీలు ఆ లెక్క చూశారు. కీడు సంగతి తర్వాత, ముందు ఇంటి సంగతి అనుకున్నారు. 1973 నుంచి కొద్దికొద్దిగా ఆడవాళ్ళు గనుల్లో చేరారు. 1978లో ఒక మహిళా సంస్థ, 153 బొగ్గు కంపెనీలు ఆడవాళ్ళకు ఉద్యోగాలు నిరాకరిస్తున్నాయని ప్రభుత్వానికి ఫిర్యాదు చేసింది. ఆ తర్వాత వేలమందికి పని దొరికింది. అయినా మొత్తం గని కార్మికుల్లో వారు కొద్ది శాతమే.

పాపం, వాళ్ళు లోపలికి వచ్చేసరికి తలుపు మూసే వేళయింది. చివరలో చేరిన వారిని ముందుగా తీసేయడం గనుల రివాజు. 1980లలో అమెరికా ఉక్కు పరిశ్రమ కుదేలైంది. ఉక్కు కొలిమి ఆరితే దానికి బొగ్గు ఎవరికి కావాలి? 1902 ప్రాంతంలో గేరీ అనే పట్టణాన్నే కట్టించిన యు.ఎస్. స్టీల్ కంపెనీ 1986లో అక్కడి గనులు మూసేసింది. 1,200 మందికి పైగా పనులు పోయాయి. 1980లో 49,899 వున్న జనాభా 1990కి 35,233 అయింది. 2000కి 27,329. 2020లో 19,111. అంటే, 2020కి ఆ కౌంటీ దాదాపు 1900 నాటి దగ్గరకు తిరిగి వచ్చింది. నూరేళ్ళ బొగ్గు వచ్చింది, పోయింది.

ఊరిని మోస్తున్నది ఎవరు

గనులు పోయాక ఆ కౌంటీలో ఏ పని మిగిలింది? బడులు. ఆసుపత్రి. ప్రభుత్వ కార్యాలయాలు. ముసలివారిని ఇంటికి వెళ్ళి చూసుకునే పని. కేంద్ర ప్రభుత్వం కట్టిన ఒక జైలు. కొన్ని దుకాణాలు. వీటిలో జైలు తప్పితే, తక్కినవన్నీ ఎక్కువగా ఆడవాళ్ళు చేసే పనులు. నూరేళ్ళపాటు జీతాల పట్టికలో మూలన కూర్చున్న వాళ్ళే ఇప్పుడు నడిమిలోకి వచ్చారు. కాని గని జీతం రాలేదు వాళ్ళకు. గని కార్మికుడి జీతంలో సగమో, మూడోవంతో ఇచ్చే ఉద్యోగాలవి. ఇంకా మిగిలిన కొద్ది గనుల్లో ఇవాళ్టికీ కౌంటీలోకెల్లా పెద్ద జీతాలున్నాయి. అయితే వాటిలో మనుషులు కొద్దిమందే.

దుకాణం ఉద్యోగాలకూ భరోసా లేదు. వాల్‌మార్ట్ అనే పెద్ద కంపెనీ ఆ కౌంటీలో కింబాల్ దగ్గర తెరిచిన భారీ దుకాణాన్ని 2016 జనవరిలో మూసేసింది. సుమారు 140 మందికి పని పోయింది. అక్కడి వారికి అది సరుకుల కొట్టే కాదు, నలుగురు కలిసే చోటు కూడా. తాజా కూరగాయల కోసం ఆ తర్వాత కొండదారుల్లో చాలా దూరం పోవలసి వచ్చింది.

పంతులమ్మల సంగతి వేరు. 2018 ఫిబ్రవరిలో వెస్ట్ వర్జీనియా ఉపాధ్యాయులు రాష్ట్రంలోని 55 కౌంటీల్లోనూ బడులు మూసేసి సమ్మె చేశారు. వారిలో అత్యధికులు స్త్రీలు. వారి జీతాలు దేశంలో అడుగు వరసలో వుండేవి, పైగా ఆరోగ్య బీమా ఖర్చు పెరిగిపోతోంది. ఆ సమ్మె మొదట రాజుకున్నది దక్షిణపు బొగ్గు కౌంటీల్లోనే. బడి భోజనం మీద ఆధారపడ్డ పిల్లలు ఆకలితో వుండకూడదని సమ్మెలో వున్న టీచర్లే పొట్లాలు కట్టి పంచిపెట్టారు. తొమ్మిది బడి రోజుల తర్వాత 5 శాతం పెంపు సాధించారు. తాతలు గనిలో నేర్చిన విద్య మనవరాళ్ళు బడిలో చూపించారు.

అయినా ఇబ్బందులు తీరలేదు. 2010 ప్రాంతపు లెక్కల్లో ఆ కౌంటీ మగవారి సగటు ఆయుష్షు సుమారు 64 ఏళ్ళు. అమెరికాలో అతి తక్కువ ఆయుష్షు వున్న చోట్లలో అదొకటి. పని పోవడం, గాయాల నొప్పికి వాడిన మందులే వ్యసనమై పట్టుకోవడం, ఆసుపత్రి దూరం కావడం అన్నీ కలిసి తెచ్చిన ఫలితం అది. ఇటీవలి లెక్కల్లో ఆ కౌంటీ నడితరగతి కుటుంబపు ఏడాది ఆదాయం 30 వేల డాలర్ల లోపు. దేశం మొత్తం మీద 70 వేలు పైమాట.

పట్టిక చదవడం ఎలా

ఈ లెక్కలు ఎలా తయారవుతాయో కూడా కాస్త చెప్పుకోవాలి. అమెరికాలో నిరుద్యోగ బీమా కిందికి వచ్చే ప్రతి యజమానీ మూడు నెలలకొకసారి తన దగ్గర ఎంతమంది పనిచేశారో, మొత్తం ఎంత జీతం ఇచ్చాడో ప్రభుత్వానికి రాసి పంపాలి. దాన్ని పరిశ్రమల వారీగా కూడి, మనుషుల సంఖ్యతో భాగిస్తే కౌంటీ సగటు జీతం వస్తుంది. సొంత సేద్యం, సొంత చిన్న వ్యాపారం చాలావరకు ఇందులోకి రావు. ఇంటి పని సరేసరి, అసలే రాదు. చిన్న కౌంటీలో ఒక పరిశ్రమలో ఒకటి రెండు కంపెనీలే వుంటే, వాటి గుట్టు బయటపడుతుందని ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. అంటే, ఒకే కంపెనీ మీద బతికే ఊరి లెక్క తెలుసుకోవడం మరింత కష్టం అన్నమాట. ఇంకొకటి, ఉద్యోగం ఏ కౌంటీలో వుంటే అక్కడే లెక్క. మనిషి ఎక్కడ కాపురం వుంటున్నాడో దానితో నిమిత్తం లేదు.

ఇదంతా మనకెందుకు అంటారేమో. మన సింగరేణినే చూడండి. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది. 1990 ప్రాంతంలో లక్షమందికి పైగా పనిచేసిన ఆ సంస్థలో 2020 తర్వాత పర్మనెంటు కార్మికులు 40 వేల చిల్లర. తీసే బొగ్గు మాత్రం మూడు రెట్లకు పైగా పెరిగింది. ఓపెన్ కాస్టు గనులు వచ్చాయి, స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు వచ్చాయి, కాంట్రాక్టు కార్మికులు వచ్చారు. ఆ కాంట్రాక్టు వాళ్ళు పర్మనెంటు లెక్కలో వుండరు, వాళ్ళ జీతమూ ఆ సగటులో కలవదు. బొగ్గుబాయి జీతం మంచిదని, లాభాల్లో వాటా వస్తుందని మనం వింటూనే వుంటాం. నిజమే. ఎంతమందికి అని కూడా అడగాలి. భూగర్భ గనుల్లో ఆడవాళ్ళు పనిచేయరాదన్న నిషేధాన్ని మన దేశంలో 2019లో సడలించారు. అదీ అప్పట్లో పగటిపూట, సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు మాత్రమే. మెక్‌డోవెల్ స్త్రీలలాగా మనవాళ్ళు కూడా మనుషులు తగ్గిపోతున్న కాలంలోనే ఆ తలుపు దగ్గరకు చేరారు.

కాబట్టి అమ్మలారా, ఈసారి పత్రికలో ఫలానా జిల్లాలో, ఫలానా పరిశ్రమలో జీతాలు పెరిగాయని చదివినప్పుడు పేజీ తిప్పేయకండి. ఎంతమందికి పెరిగింది? నిరుడు ఎంతమంది వుండేవారు? పోయిన వారు ఎక్కడికి పోయారు? వాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు ఎవరి సంపాదన మీద పొయ్యి వెలుగుతోంది, ఆమె జీతం ఎంత? ఈ ప్రశ్నలు వేయడానికి పెద్ద చదువులు అక్కరలేదు. నెలాఖరులో చిల్లర డబ్బా విదిల్చి చూసుకునే ప్రతి ఇల్లాలికీ ఈ లెక్క వచ్చు. జమ ఒక్కటే చూసి సంసారం నడపలేమని మనకు ఎప్పుడో తెలుసు. జిల్లా అయినా, దేశమయినా పెద్ద సంసారమే కదా.